యాభై ఏళ్ళ గురక

నా పేరు, ఇంటి చిరునామా మొదటి కాగితంలో రాసుకున్నారు. వయసు నలభై మూడు. వృత్తి నర్సు. ఆపరేషను అయినవాళ్ళను ఉంచే వార్డులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. చదవడం, రాయడం వచ్చు. ఇన్‌స్పెక్టరు గారు అడగగా, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

ముందుగా ఒక సంగతి రాసుకోమని కోరుతున్నాను. ఫిర్యాదులో ఉన్న నర్సు అంటే నాకు గిట్టదు. ఆమె మా వార్డుకి వచ్చి ఏడాది కాలేదు. మేము స్నేహితులం కాము, బంధువులం కాము. ఆమెను వెనకేసుకొస్తే నాకు ఒరిగేదేమీ లేదు. పైగా వచ్చే నెల మా హెడ్ సిస్టర్ రిటైరవుతున్నారు. ఆ కుర్చీకి ఇద్దరి పేర్లు అనుకుంటున్నారు. ఒకటి నాది, రెండోది ఆమెది. పదకొండేళ్ళ నా పేరు పక్కన పట్టుమని పది నెలలు లేని ఆమె పేరు.

ఎందుకు గిట్టదని ఇన్‌స్పెక్టరు గారు అడిగారు. చెబుతాను. నా ట్రాలీ మీద దూది ఉండ కూడా పక్కకి జరగదు. ఆమె బల్ల మీద సగం తాగిన టీ కప్పు, మూత పెట్టని పెన్ను, ఎవరిదో దువ్వెన ఉంటాయి. ఏది చెప్పినా ఎందుకు అంటుంది. ఈ మందు పొద్దున్నే ఎందుకు, ఈయన్ని ఎడమ పక్కకే ఎందుకు తిప్పాలి, ఈవిడ భోజనం ఎందుకు వదిలేసింది. విసుగొచ్చి నేనే ఆమెకు ఎందుకమ్మ అని పేరు పెట్టాను. ఎగతాళికి పెట్టాను. అది కాస్తా ముద్దుపేరై కూర్చుంది. రోగులు మంచం మీద నుంచే "ఎందుకమ్మ రాలేదా ఇవాళ" అని అడుగుతారు. అదీ నన్నే అడుగుతారు.

ఆ మధ్య మా అత్తగారు పిత్తాశయంలో రాళ్ళు తీయించుకుని నాలుగు రోజులు మా వార్డులోనే ఉన్నారు. సూది నా చేత వద్దని, ఆ పిల్ల చేత పొడిపించుకున్నారు. "నీ చెయ్యి మంచిదేలే. కానీ ఆ పిల్ల ముందు నాలుగు మాటలు అడిగి, ఆ తర్వాత పొడుస్తుంది" అన్నారు. ఇంటికొచ్చాక ఆ మాట మా ఆయనకు కూడా చెప్పారు. ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకింకా అరగలేదు.

దీన్ని అసూయ అంటారని నాకు తెలుసు. అసూయే. అలాగే రాయండి.

ఇక జరిగినది. ఏడో మంచం మీద ఉన్న పెద్దాయనకి తుంటి ఎముక ఆపరేషను అయి అది మూడో రోజు. నొప్పి ఓర్చుకోలేకపోతున్నారని ఆ ఉదయం డాక్టరు గారు నొప్పి మందు పెంచారు. సీసాలోంచి గొట్టం గుండా చుక్కచుక్కగా ఒంట్లోకి ఎక్కే మందు అది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, సుమారు రెండు గంటలకు, నేను ట్రాలీతో ఆ మంచం దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన గురక పెడుతున్నారు. వాళ్ళావిడ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది.

"చూశావా అమ్మా, యాభై ఏళ్ళ కాపురంలో ఈయన గురక నేనెప్పుడూ వినలేదు. ఇవాళే వింటున్నాను. పాపం, ఎంత అలిసిపోయారో" అంది.

"యాభై ఏళ్ళ బాకీ అంతా ఒక్కరోజులో తీర్చేస్తున్నారు లెండి" అన్నాను.

ఆవిడ నవ్వింది. లేపొద్దంది. నేను లేపలేదు. మొహం మీద వెలుతురు పడకుండా తెర లాగి వచ్చేశాను. ఆయన హాయిగా నిద్రపోతున్నారనే అనుకున్నాను.

మా గదిలో హెడ్ సిస్టర్, ఆయా, ఎందుకమ్మ టీ తాగుతున్నారు. నేను వెళ్ళి పెద్దావిడ అన్నదీ, నేను అన్నదీ, గురక పెట్టి మరీ చెప్పాను. మాటలు బాగా చెబుతానని నాకు పేరుంది. హెడ్ సిస్టర్ నవ్వారు. ఆయాకి టీ పొలమారింది. ఎందుకమ్మ నవ్వలేదు.

"యాభై ఏళ్ళు పెట్టని గురక ఇవాళ ఎందుకు పెడుతున్నారక్కా?" అంది.

"అలిసిపోయి" అన్నాను.

"ఆపరేషనయిన రోజు ఇంకా అలిసిపోయారుగా. ఆ రోజు పెట్టలేదుగా."

కప్పు అక్కడే పెట్టి పరిగెత్తింది. నాకు ఒళ్ళు మండింది. నవ్వకపోతే పోయింది, నవ్వుతున్నవాళ్ళని కూడా ఆపేసింది. నిద్రపోతున్న మనిషిని లేపి వాళ్ళావిడ చేత నాలుగు చివాట్లు తింటుంది, కళ్ళారా చూడాలి అనుకుని వెనకాలే వెళ్ళాను. సాయం చేద్దామని మాత్రం వెళ్ళలేదు.

వెళ్ళేసరికి పెద్దావిడ లేదు. గిన్నెలు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళిందట. నేను తెర పక్కన నిలబడ్డాను. ఎందుకమ్మ "తాతగారూ" అని పిలిచింది. పలకలేదు. భుజం పట్టి ఊపింది. పలకలేదు. చెంప మీద రెండుసార్లు తట్టింది. పలకలేదు. గురక ఆగింది. ఆగి, మళ్ళీ రాలేదు. నేను దాని కోసం ఎదురుచూస్తున్నానని నాకు అప్పుడు తెలిసింది. చాలాసేపటికి ఒక్క ఊపిరి వచ్చింది.

ఆమె ఆయన కనురెప్ప ఎత్తింది. కంటిపాప ఆవగింజంత కూడా లేదు. పెదవులు నీలంగా మారాయి. ఆ మందు ఎక్కువైతే మనిషి నొప్పితో పాటు ఊపిరి తీయడం కూడా మరిచిపోతాడు. చూసేవాళ్ళకి నిద్రలాగే ఉంటుంది. ఈ గుర్తులు నాకు తెలియనివి కావు. నేను చదివాను, పరీక్షలో రాశాను, కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పాను కూడా.

ఆమె గొట్టానికున్న చక్రం తిప్పి మందు ఆపేసింది. పిడికిలి బిగించి, వేళ్ళ కణుపులతో ఆయన రొమ్ము మధ్య ఎముక మీద గట్టిగా రుద్దింది. స్పృహ జారిపోతున్న మనిషిని నొప్పి పెట్టి వెనక్కి పిలిచే పద్ధతి అది. మాకు మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. ఆయన మూలిగారు. ఊపిరి తీశారు. ఆమె మళ్ళీ రుద్దింది.

సరిగ్గా అప్పుడే వాళ్ళబ్బాయి వేడినీళ్ళ ఫ్లాస్కుతో లోపలికి వచ్చాడు. అతనికి కనిపించింది తండ్రి రొమ్ము మీద పిడికిలి. వినిపించింది తండ్రి మూలుగు. అతన్ని నేను తప్పు పట్టను. "నిద్రపోతున్న మనిషిని కొడతావా" అని ఆమె చెయ్యి పట్టి లాగాడు. ఆమె రెండో చేత్తో మంచం కమ్మీ పట్టుకుంది, వదల్లేదు.

"నన్ను తర్వాత కొడుదురు గాని, ముందు మీ నాన్నగారిని మాట్లాడించండి. పేరు పెట్టి పిలవండి. ఊపిరి తీయమనండి" అంది.

తర్వాత నా వైపు చూసింది. నేను అక్కడ ఎందుకు నిలబడ్డానో అడగలేదు. ఆ మనిషి ఎందుకని అడగకపోవడం అదే మొదటిసారి. "అక్కా, ఆక్సిజన్. తర్వాత డాక్టరు గారికి ఫోను" అంది. ఆక్సిజన్ తెచ్చి పెట్టి, ఫోను చేశాను. నా కాళ్ళు ఆమె చెప్పినట్టే విన్నాయి.

డాక్టరు గారు ఆపరేషను గదిలోంచి రావడానికి పావుగంట పట్టింది. అప్పటికి పెద్దాయన కళ్ళు తెరిచి, గొంతెండిపోతుంటే నీళ్ళివ్వరేమని కొడుకును తిడుతున్నారు. తాను వచ్చేసరికి రోగి మెలకువగానే ఉన్నాడని, అంతకుముందు సంగతి తనకు తెలియదని డాక్టరు గారు మీకు చెప్పారట. అది అబద్ధం కాదు. మందు పెంచింది ఎవరని మీరు అడగలేదు, ఆయన చెప్పలేదు. కాబట్టి ఆ తెర లోపల మొదటి నుంచీ చూసింది నేనొక్కదాన్నే.

మర్నాడు పెద్దాయన రొమ్ము మీద కమిలిన మచ్చ తేలింది. అబ్బాయి ఫిర్యాదు ఇచ్చాడు. ఆమెను డ్యూటీలోంచి తప్పించారు. కొట్టిందని తేలితే నర్సు పని ఆమెకు ఇంకెక్కడా దొరకదు.

నిన్న హెడ్ సిస్టర్ నన్ను దుప్పట్లు పెట్టే గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"కళ్ళతో చూసింది చెప్పు, చాలు. చెంప మీద తట్టింది, పిడికిలితో రుద్దింది. ఆ జోకు గొడవంతా అక్కడెందుకు? నీకే చెడ్డపేరు. నోరు అదుపులో పెట్టుకుంటే కుర్చీ నీదే అనుకో" అన్నారు.

ఇంటికి వెళ్ళేదాకా అదే ఆలోచించాను. ఆవిడ చెప్పమన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ జోకు తీసేస్తే ఆ పిల్ల టీ వదిలేసి ఎందుకు పరిగెత్తిందో ఎవరికీ అర్థం కాదు. ఉన్నట్టుండి వెళ్ళి ముసలాయన మీద పడ్డ పిచ్చిదానిలా కనబడుతుంది. ఆమె బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది నా జోకు దగ్గరే. పెద్దావిడ మాట నేను ఆవిడ నోటనే విన్నాను. గురక నా చెవులతో విన్నాను. ఎందుకమ్మ ఆ రెండూ నా నోట విన్నది, అదీ వెక్కిరింపుగా. అయినా ఆమెకు భయం వేసింది, నాకు నవ్వు వచ్చింది. ఆ భయం నాకెందుకు వేయలేదన్నదే నా కడుపుమంట. బల్ల సర్దుకోవడం ఆమెకు నేర్పవచ్చు. ఇది నాకు ఎవరు నేర్పుతారు.

రుద్దితే అంత మచ్చ పడుతుందా అని ఇన్‌స్పెక్టరు గారు అడిగారు. నోటితో చెప్పి లాభం లేదని, అనుమతి తీసుకుని, ఈ వాంగ్మూలం రాస్తున్న కానిస్టేబులు గారి రొమ్ము ఎముక మీద రుద్ది చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పెన్ను కింద పడింది. ఇది కూడా రాయమన్నాను. రాస్తున్నారు.

నిద్రపోతున్న మనిషిని కొట్టింది అని ఫిర్యాదులో ఉంది. ఆయన నిద్రపోవడం లేదు. ఆమె కొట్టలేదు. ఆ వాక్యంలో సరైనది మనిషి అన్న మాట ఒక్కటే.

ఒకే చోట పనిచేస్తున్నారు కాబట్టి ఆమెకు అనుకూలంగా చెబుతున్నారేమో అని కూడా అడిగారు. నేను ఆమె తప్పు దొరుకుతుందని వెళ్ళినదాన్ని. రెప్ప వేయకుండా చూశాను. ఈ పదకొండేళ్ళలో ఏ రోగినీ అంత శ్రద్ధగా చూడలేదు. తప్పు దొరకలేదు. దొరికి ఉంటే అబ్బాయి కంటే ముందు మీ దగ్గరికి నేనే వచ్చేదాన్ని.

ఆమె బయట బల్ల మీద కూర్చుని ఉంది. నేను వెళ్ళగానే ఎందుకు చెప్పావక్కా అని అడుగుతుంది. అడక్కుండా ఉండలేదు. నీ కోసం కాదని చెబుతాను. అయితే ఎందుకు అంటుంది.

నేను చెప్పినదంతా కానిస్టేబులు గారు చదివి వినిపించారు. అసూయ అన్న మాట, జోకు సంగతి కేసుకు అక్కర్లేదని, కొట్టేస్తామని అన్నారు. కొట్టేస్తే సంతకం పెట్టనన్నాను. ఉంచారు. నేను చూసినదీ, నేను నవ్వినదీ, రెండూ నిజం.

(సంతకం)
వార్డు నర్సు