సర్వర్ లేచాకే పెళ్లి

రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో పెళ్లికూతురు ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఆసుపత్రి డేటాబేస్ సర్వర్ బాగోగులు చూడడం ఆమె ఉద్యోగం. పక్కన పెళ్లికొడుకు, ఆమె మేనత్త కొడుకే.

"మన ముందు ఒక్క జంటే ఉంది. మూసెయ్యవే."

"మూస్తే కొంప మునుగుతుంది బావా! పాస్‌వర్డ్ లేకుండా రోగుల రికార్డుల్లో దూరేంత కంత బయటపడింది. దాన్ని పూడ్చే ప్యాచ్ ఇందాకే వచ్చింది."

"సాయంత్రం వేసుకోవచ్చుగా?"

"కంత ఉందని లోకమంతా చాటింపయ్యాక దొంగ సాయంత్రం దాకా ఆగుతాడా? ఇదిగో, వేసేశా. సర్వర్ ఆపి మళ్లీ లేపుతున్నా."

"లేచిందా?"

"లేవట్లేదు."

"పొద్దెక్కినా లేవని మీ అన్నయ్య పోలికేమో!"

"నవ్వించకు. అక్కడ నర్సులంతా కాగితాల మీద రాసుకుంటూ నాకోసం చూస్తున్నారు."

లోపలి నుంచి వాళ్ల నంబరు పిలిచారు.

"పెళ్లికూతురేదంటే ఏం చెప్పను?"

"సర్వర్ లేవగానే లేస్తుందని చెప్పు."

అతను వెళ్లి, ఆ మాటే చెప్పి, పరుగున తిరిగొచ్చాడు.

"రిజిస్ట్రారు ఏమన్నాడు?"

"ఐదు నిమిషాలిచ్చాడు. నవ్వు ఆపుకోలేక స్టాంపు కింద పడేసుకున్నాడు."

"లేచింది బావా, లేచింది! ఉండు, ఆ కంతలోంచి నేనే దూరి చూస్తా... గెంటేసింది!"

"నిన్ను గెంటేస్తే అంత సంబరమేంటే?"

"నన్నే రానివ్వనిది దొంగని రానిస్తుందా? పద పద!"

పకపకా నవ్వుతూ, అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. రిజిస్ట్రారు ఇంకా నోరు తెరవకముందే, "ఇష్టమేనండీ!" అనేసింది.