అటక మీది నలభై మూడు గొడుగులు

గొడుగులు బాగుచేసే కొట్లో పిన్ని ఎదుట కూర్చుని, వెబ్‌సైట్లు తయారుచేసే అక్క కూతురు కాగితం మీద ఖర్చు రాస్తోంది.

"ముందే చెప్తున్నానమ్మడూ, ఇరవై వేలకి మించి నా దగ్గర లేవు."

"అయితే మూడు పేజీలే వస్తాయి పిన్నీ. కొట్టు వివరాలు, రిపేరు ధరలు, కొత్త గొడుగుల అమ్మకం."

"మరి అటక మీదవో?"

"అవి బాగుచెయ్యమని ఇచ్చి మళ్ళీ రానివాళ్ళవి కదా!"

"నలభై మూడున్నాయి. అన్నిటికీ ఫొటోలు పెట్టు. చూసి వస్తారు."

"ఎవడు పడితే వాడొచ్చి నాదంటే?"

"రసీదు చూపించందే ఇస్తానా?"

"పిన్నీ, వెబ్‌సైటు పెట్టేది అమ్ముకోడానికి. ఇవి పెట్టాలంటే అమ్మకం పేజీ తీసెయ్యాలి."

"తీసెయ్."

"నీతో వేగడం నా వల్ల కాదు! ఇంకోటి, వెబ్‌సైటు పేరుకి ఏటా డబ్బు కట్టాలి. కట్టకపోతే ఆ పేరు ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"ముక్కూ మొహం తెలీనివాళ్ళ గొడుగులు నేను ఇరవై ఏళ్ళు దాచాను. వాళ్ళు నా పేరు ఒక్క ఏడాది ఊరికే దాచలేరూ?"

"దాచలేరు. సరే, ఫొటోలు డబ్బులడక్కుండా తీస్తాలే, అమ్మకం పేజీ కూడా ఉంచుదాం. గొడుగులు దింపు... ఇదేంటి, నలభై రెండే దింపావు?"

"ఆ నల్లదానికి ఫొటో వద్దు."

"ఏం?"

"మీ బాబాయిది. రేపటికి బాగుచెయ్యమన్నారు. తెల్లారేసరికి ఆయనే లేరు. ఫొటో చూసి ఎవడైనా వచ్చి నాదంటే ఏం చెప్పను? మొగుడే కదా అని రసీదు కూడా రాయలేదు."