ఫ్రిజ్‌కి తాళం

ల్యాబ్ బయట బెంచీ మీద తండ్రీ కూతురూ కూర్చున్నారు. ఆమె చేతిలో తన రక్తపరీక్ష రిపోర్టు ఉంది.

"ఏమొచ్చిందమ్మా?"

"ఒంట్లో సెలీనియం అనే ఖనిజాన్ని వాడుకునే జన్యువులో తేడా ఉందట. పేగువాపు, షుగరు వచ్చే ముప్పు ఎక్కువట."

"పోయిన మీ తమ్ముడికి వచ్చినవీ అవేగా!"

"హాస్పిటల్లో దాచిన వాడి రక్తంలోనూ ఇదే ఉంది నాన్నా."

"అడ్డమైన గడ్డీ తిని తెచ్చుకున్నాడనుకున్నానే."

"అనుకోవడమేనా? ఫ్రిజ్‌కి తాళం వేశావు. ఆకలేస్తోందక్కా అంటూ వాడు నా గదికొచ్చేవాడు."

"నాకేం తెలుసే! ఇదంతా మీ అమ్మ వైపు నుంచి వచ్చుంటుంది. వాళ్లింట్లో అందరూ రోగిష్టివాళ్లే."

"అమ్మకి పోయినవారమే ఈ పరీక్ష చేశారు. తనకి ఈ తేడా లేదు."

"మరి?"

"చొక్కా చెయ్యి పైకి మడుచుకో నాన్నా. నిన్ను లోపలికి పిలుస్తున్నారు."