అడ్డం పడ్డ బంతీ, మామగారి బ్రిడ్జీ

దర్జీగారి కొత్త అల్లుడు మొదటిసారి ఈ బిలియర్డ్స్ హాలుకి వచ్చి, సాయంత్రం జంటల పోటీకి జోడీ దొరకలేదన్నాడు. ఇంకేం, దర్జీకి నోరు ఆగలేదు. ఆ జోడీ తనే కావాలని ఆయన ఆశ. ఇక్కడ టీ తాగడమే తప్ప ఏనాడూ కర్ర పట్టలేదన్న సంగతి అల్లుడికి తెలీదు కదా!

"కర్ర కింద ఎడమచేత్తో ఆసరా పెట్టడమే బ్రిడ్జి, అది ఎవడైనా పెడతాడు. కానీ తెల్లబంతి వెనకాలే ఇంకో బంతి అడ్డం పడితే? నేను నాలుగు వేళ్లూ కొసల మీద నిలబెట్టి, బొటనవేలు పైకి లేపి, ఆ సందులో కర్ర పెట్టి కొట్టా. పడింది!"

"అది మేమూ కొడతాంలే," అన్నాడు పక్క టేబుల్ దగ్గర ఆడుతున్న మంగలి.

"ఆగవయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈసారి వెనకాల మూడు బంతులు. వాటి మీదుగా చెయ్యి చాపి చిటికెనవేలు ఒక్కటే ఆనించా. ఒళ్లు బరువంతా దాని మీదే."

"వేలు విరగలేదూ?"

"టేబుల్ కుంగింది గానీ వేలు వంగలేదు. ఇక ఆఖరి బంతి ఆ చివరెక్కడో ఉంది, చెయ్యి అందదు. ఎగిరి టేబుల్ మీద బోర్లా పడి, రెండు కాళ్లూ గాల్లోకి లేపి కొట్టానా, బంతి కిటికీలోంచి దూకి, వీధి చివర ఇస్త్రీ దుకాణం దాకా పోయి, పెట్టె కింద దూరి, మళ్లీ మెట్లెక్కి వచ్చి పాకెట్లో పడింది. తీద్దును కదా, చెయ్యి చుర్రుమంది!"

అల్లుడు మాత్రం శ్రద్ధగా వింటున్నాడు. "రెండు కాళ్లూ లేచాయా మామయ్యగారూ?"

"రెండూనూ! ఆ ఫ్యాను దాకా!"

"అయితే ఫౌలు కదండీ. ఒక కాలైనా నేల మీద ఉండాలిగా," అన్నాడు మెల్లగా.

ఆట నేర్చుకునేవాడికి మొదటిరోజే చెప్పే నియమం అది. హాలంతా గొల్లుమంది. "కోతల్లో కూడా ఓడిపోయావు కదయ్యా!" అన్నాడు మంగలి పొట్ట పట్టుకుని.

దర్జీకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అయినా ఊరుకోక, "పోనీ, మొదటిది చూడండి," అంటూ లేచి టేబుల్ మీద చెయ్యి పెట్టాడు. బొటనవేలు పైకి లేవలేదు, కర్ర జారి పక్కకి పడింది.

అల్లుడు దగ్గరికొచ్చి ఆయన బొటనవేలు పట్టుకుని కాస్త పైకి లేపాడు. "ఇలాగండీ." ఆ గొంతులో వెటకారం లేదు, వట్టి మర్యాదే. నవ్వేవాళ్లని తిట్టొచ్చు, ఈ మర్యాదని ఏం చెయ్యాలో దర్జీకి తెలియలేదు. తల దించుకున్నాడు.

అల్లుడు మంగలి వైపు తిరిగాడు. "సాయంత్రం నాకు జోడీగా మీరు ఆడతారా?" తర్వాత ఇటు చూసి, "మీరు చూడ్డానికి తప్పకుండా రావాలి మామయ్యగారూ," అన్నాడు.

"వస్తా బాబూ," అన్నాడు దర్జీ. ఆయన అంత పొట్టి మాట మాట్లాడగా ఆ హాల్లో అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు.