మూల విరిగిన ఇటుక

పాత కట్టడాల ఆఫీసు నుంచి వచ్చిన సారుకి ఇటుక ఇల్లు చూపిస్తోంది, దాన్ని కాపలా కాసే ముసలావిడ. ఆవిడ కాపురం పెరట్లో ఉన్న పాత గొడ్ల సావిట్లో. చూపిస్తోందని పేరే గాని, అన్నీ ఆయనే చెబుతున్నారు.

"...అందుకే అంటున్నా, ఇల్లు ఉంటుంది, సావిడి పోతుంది. దానికి ఏడవడమెందుకు?"

"ఏడవట్లేదు సారూ, ఎండ కళ్ళలో పడుతోంది. సావిడెందుకు పోవాలంట?"

"ఇల్లు చూడ్డానికొచ్చేవాళ్ళు కార్లెక్కడ పెట్టుకోవాలి? నీ నెత్తిన పెట్టుకుంటావా?"

"నా నెత్తి మీద కప్పు తీసేస్తున్నారుగా, ఖాళీగానే ఉంటుంది. పెట్టండి."

"నోటికేం తక్కువ లేదు."

"మరి నేనెక్కడుండాలి?"

"ఆ సంగతి రాయడానికి నా కాగితంలో గడి లేదు. ఇటు చూడు. గుమ్మం మీద ఆ కమాను చూశావా? ఒక్క ఇటుక పక్కకి జరగలేదు. కట్టినవాడు మేస్త్రి కాదు, మహానుభావుడు! ఇప్పుడున్నాయా అలాంటి చేతులు?"

"ఉండేవి సారూ, మొన్నమొన్నటి దాకా."

"నీ మొహం. రెండొందల ఏళ్ళ కిందటి పని అది. కమాను నడినెత్తిన ఇటుక మీద కట్టిన సంవత్సరం చెక్కి ఉంది, కనబడుతోందా? కనబడినా చదవలేవులే."

"అంకెలు వచ్చు. సారూ, ఆ ఇటుక..."

"తాతకి దగ్గులు నేర్పకు. ముప్ఫై ఏళ్ళుగా ఇటుకల మధ్యే బతుకుతున్నా. కుడివైపు మూల విరిగింది, అదొక్కటే లోటు. ఆ ముక్కేదీ?"

"ఎక్కడో ఉంటుంది."

"ఎక్కడో అంటే? ఎక్కడ పారేశారో! కాపలా అంట, కాపలా!"

"పారెయ్యలేదు సారూ. ముందు సావిడి చూడండి, పొద్దుట్నుంచీ అడుగుతున్నా."

"చూస్తే ఏమొస్తుంది, పేడ కంపు తప్ప? సరే, పద... అబ్బబ్బ! ఇదీ ఒక గోడేనా? తంతే పడిపోతుంది. ఇదిగో, తంతున్నా చూడు."

"పడలేదుగా."

"పడుతుందిలే, తంతూనే ఉంటా. ఇంత మందమేంటి అసలు? గొడ్లకి కోట కట్టారా?"

"మొదటి బట్టీలో బాగా కాలిన ఇటుకలన్నీ ఈ సావిడికే వాడారంట సారూ. గొడ్డుకి చెమ్మ తగిలితే పాలు పోతాయి. మనిషికైతే దుప్పటుంది."

"ఎవరు చెప్పారీ కబుర్లు?"

"మా ఆయన. మేస్త్రి పని చేసేవాడు."

"ఓహో! ఆ పైన ఎలక బొరియలు కూడా ఆయన పనితనమేనా?"

"బొరియలు కావు, గాలి కంతలు. ఇటుక విడిచి ఇటుక కట్టారు. అటక మీద గడ్డికి గాలాడకపోతే లోపలే ఉడికి అంటుకుంటుంది."

"నువ్వు నాకు చెప్పేదాకా వచ్చింది, ఖర్మ. అయినా నేను రాయాల్సింది రాసేశా."

"ఏం రాశారో ఒక్కసారి చదివి వినిపించండి సారూ. నేను చదవలేను కదా."

"విను మరి. 'కమాను ఇటుక మీద చెక్కిన సంవత్సరం నాటి కట్టడాన్ని కూల్చే అధికారం ఎవరికీ లేదు.' కింద నా సంతకం. మంత్రి వచ్చినా కదపలేడు."

"మీరొచ్చినా?"

"నేనొచ్చినా! ఎందుకా నవ్వు?"

"మా పెళ్ళైన మూడో ఏట వానకి ఆ ఇంటి ముందు గోడ మొత్తం కూలింది సారూ. పాత ఇటుకలే ఏరి, సున్నం కలిపి, కమానుతో సహా మళ్ళీ కట్టింది మా ఆయనే. మీరన్న మహానుభావుడి గురక నలభై ఏళ్ళు విన్నాన్నేను."

"ఛ, నోర్మూసుకో! మరి ఆ సంవత్సరం?"

"ఈ సావిడిది. గుమ్మం పక్కన అడుగు వరసలో ఉండేది. 'గొడ్లకెందుకురా సంవత్సరం, పెద్దింటికి పెట్టు' అన్నాడు అప్పటి యజమాని. పెకలించి అక్కడ పెట్టారు. ఇందాక చెప్పబోతే దగ్గులన్నారు."

"నోటికొచ్చింది వాగితే నమ్మడానికి నేనేం వెర్రివాణ్ణా? రుజువేదీ?"

"పెకలించేటప్పుడు మూల విరిగి గోడలోనే ఉండిపోయింది. ఆ కాలు కాస్త తీయండి సారూ, ఇందాకట్నుంచీ మీరు తంతున్నది దాన్నే."