ఫోన్ల నీరటాయన

కొంరవ్వ ఉన్నది, మా ఊరి నీరటోళ్ల కోడలు. నీరటోళ్లంటే తెల్వదా పోరీ? చెరువు తూము కాడ పార వట్టుకొని నిలవడి, ఈ మడికి ఇంత, ఆ మడికి ఇంత అని నీళ్లిడిచేటోళ్లు. వాళ్ల చెయ్యి లేంది ఎవ్వల పొలంల గూడ సుక్క పారది. ఆ కొంరవ్వకు ఒక్కతే బిడ్డ, అఖిల. పుట్టుకతోనే చెవులు ఇనరావు, మాట లేదు. పట్నంల చెవిటి పిల్లల బడి ఉన్నది కదా, ఆడ హాస్టల్ల ఉండి చదువుతుంది. మరి తల్లీబిడ్డలు ఎట్ల మాట్లాడుకుంటరనుకున్నరు? ఫోన్ల, వీడియో కాల్ల. పొద్దుగూకే ముంగట ఈమె దర్వాజల కూసోని, ఫోను గోడకు ఆనిచ్చి పెట్టేది. ఇగ చేతులే చేతులు. అన్నం తిన్నవా అని ఈమె చేత్తోని అడిగితే, పప్పుల ఉప్పు లేదని ఆ పిల్ల మూతి తిప్పేది. ఒక్క మాట ఇనవడది, గని ఎంత ముచ్చట! నేను బీడీల చాట ఒళ్లె పెట్టుకొని చూసుకుంట కూసునేదాన్ని.

గట్ల నడుస్తుంటే ఏమైందంటే, కొంరవ్వ మామ బక్కయ్య సచ్చిపోయిండు. ఇంట్ల మనిషి పోతే ఏడాది మాసికం అయ్యేదాంక కొత్తపని మొదలు వెట్టం కదా మనం. కొత్త చీర కట్టం, కొత్త బండి కొనం. కొంరవ్వ అసలే నిష్ఠ మనిషి. ఫోనేమో ఊకూకె అడుగుతుండెనంట, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది, అప్‌డేట్ చెయ్యాల్నా అని. ఈమె అచ్చరం అచ్చరం కూడవెట్టుకొని చదివి, 'కొత్త' అన్న మాట కనవడంగనే, వామ్మో, మైల ఇంట్ల కొత్తదా అని 'తర్వాత' మీద ఒత్తేదంట. అది అడుగుడు, ఈమె తర్వాత అనుడు. నన్నడిగితే మంచిపనే చేసినవ్ అన్న, నాకేం ఎరుక! ఒకనాడు ఏమాయె, వీడియో కాల్ తీస్తే బిడ్డ మొకం రాలె. మీ ఫోన్ల ఆపరేటింగ్ సిస్టమ్ మస్తు పాతదైంది, ఈ ఆప్ ఇందుల ఇగ నడవది అని రాసొచ్చిందంట.

ఇగ ఆ తల్లి గోస చూడాలె. మామూలు కాల్ చేస్తే ఆ పిల్లకేం ఇనవడుతది? మా వాడకట్టుల మిగిలినయన్నీ మొకం కనవడని డబ్బ ఫోన్లేనాయె. వార్డెనమ్మకు చేసి, అమ్మా నేను మంచిగనే ఉన్న, జర నా బిడ్డకు చెప్పుండ్రి అన్నది. వార్డెనమ్మ కాయితం మీద రాసి చూపెడితే పిల్ల నమ్మలే. ఎట్ల నమ్ముతది? తాత సచ్చినప్పుడు గూడ, తాత మంచిగనే ఉన్నడని రాసి చూపెట్టే కదా ఇంటికి తోల్కచ్చింది! మా అమ్మ గూడ పోయింది, నాకు దాస్తున్నరు అని మంచం పట్టిందంట. అన్నం ముట్టది, నీళ్లు ముట్టది. ఆ కబురు ఇన్నంక కొంరవ్వ ఆగుతదా? తెల్లారంగనే నన్ను ఎంబడి తీస్కొని మండలంల రుఖియా ఫోన్ల దుకాణానికి ఉరికింది. ఓ సత్తెవ్వా, కునుకుతున్నవా, అసలు ముచ్చట ఇప్పుడే వస్తుంది.

రుఖియా ఫోను చూసి, గింతేనా అక్కా, అప్‌డేట్ చేస్తే అయిపోతది అన్నది. కొంరవ్వ ఫోను గుంజుకొని రొమ్ముకు అదుముకున్నది. వద్దు బిడ్డా, మాసికం కాలే, కొత్తది వెడితే లోపల ఉన్నది పోతది, నా బిడ్డ ఫోటోలన్నీ పోతయ్ అన్నది. రుఖియా మంచిది, కోపం చెయ్యలే. మీరేం పని చేస్తరక్కా అన్నది. నీరటోళ్లం అన్నది కొంరవ్వ. అయితే నీకు చెప్పుడు అల్కనే, ఇను అన్నది. 'కెమెరా, మైకు, బ్యాటరీ, ఇవన్నీ నీళ్లనుకో. నువ్వు తీసే ఆప్‌లు మడులనుకో. ఏ ఆప్ గూడ తనంత తాను కెమెరా ముట్టలేదు, బ్యాటరీ తాగలేదు. లోపల ఒక నీరటాయన ఉంటడు, ఆయననే ఆపరేటింగ్ సిస్టమ్ అంటరు. అందరు ఆయన్నే అడగాలె. ఎవ్వలికెంతనో అంత ఇడుస్తడు, అయిపోంగనే మూస్తడు. నువ్వు తెర మీద ఏలు పెడితే ఆ కబురు మొదలు ఆయనకే పోతది. ఇగో, ఈ కంప్యూటర్ల గూడ ఒకాయన ఉన్నడు, పేరు విండోస్. నీ ఫోన్ల ఆయన పేరు ఆండ్రాయిడ్. పేర్లే ఏరేరు, పని ఒక్కటే.' ఓరి దేవుడా, నాకైతే రోమాలు నిక్కపొడిసినయ్! కొంరవ్వ మెల్లగ అడిగింది, తెర నల్లగైనంక పండుకుంటడా బిడ్డా? 'పండుకోడక్కా, ఎవ్వల కాల్ వస్తదో అని కాసుకొనే ఉంటడు.' చూసిండ్రా! మనిషి లేడు, మాంసం లేదు, అరచేతంత డబ్బల అంత పెద్ద కావలి!

మరి ఆయన్ని తీసేసుడెందుకు అన్నది కొంరవ్వ. తీసేసుడు కాదక్కా, బయట కొత్త కాల్వలు తవ్విండ్రు, ఆయనకు పాత కాల్వలే ఎరుక, అప్‌డేట్ అంటే ఆయనకు కొత్త కాల్వలు నేర్పుడు. ఫోటోలు ఏడియాడనే ఉంటయ్, అయినా నీ మనసు నిమ్మళానికి మొదలు కాపీ తీసి పెడుత అన్నది రుఖియా. కొంరవ్వ నా మొకం చూసి అన్నది, 'అత్తా, మా మామను పాడె మీద ఎక్కియ్యకముందే ఆయకట్టోళ్లొచ్చి వాకిట్ల నిలవడ్డరు, యాదికున్నదా? వరి పొట్టకొచ్చి ఉండె. ఇంటికి మైల ఉంటది గని తూముకు ఉండది అనేటిది మా నీరటోళ్ల రివాజు. శవం లేవకముందే పార చేతులు మారాలె. నా పెనిమిటికి పార అందిచ్చింది నేనే.' గంతే, రుఖియా కాపీ తియ్యంగనే ఫోను తీసుకొని తన ఏలుతోనే ఒత్తింది.

ఫోను నల్లగైంది. కొంరవ్వ నా చెయ్యి పట్టుకుంటే గోర్లు దిగినయ్. తెర మీద చిన్న చక్రం తిరుగుతుంది, తిరుగుతుంది, ఎంతకూ ఆగది. పాయె, ఇగ పాయె అనుకున్న నేను. భగ్గున ఎలుగొచ్చింది! ఫోటోలు ఏడియాడనే ఉన్నయ్. వీడియో కాల్ ఒత్తంగనే అఖిల మొకం నిండుగ వచ్చింది, కండ్లు గుంజుకపోయి, జుట్టు రేగి. తల్లిని చూసి ఆ పిల్ల రెండు చేతులతోని నోరు మూసుకున్నది. ఇగ కొంరవ్వ చేతులు ఆగుతయా! బారలు చాపి ఊపుతుంది, ఏడ్సుకుంట చెప్తుంది, దుకాణంల డబ్బలు కింద వడ్డయ్. పిల్ల కండ్లు తుడుసుకొని చేత్తోని ఏమో అన్నది. ఏమంటుందే అని నేను అడిగిన. కొంరవ్వ ఏడుపుల నవ్వుకుంట చెప్పింది, 'అమ్మా, ఎందుకే గట్ల ఒర్రుతున్నవ్, మెల్లగ మాట్లాడు, నాకు మంచిగనే ఇనవడుతుంది అంటుంది అత్తా.'

గది సంగతి. నా డబ్బ ఫోన్ల గూడ చిన్న నీరటాయన ఉన్నడంట, రుఖియానే చెప్పింది. మొన్నటిదాంక కాల్ కలవకుంటే నేలకేసి కొట్టేదాన్ని, తిట్టరాని తిట్లు తిట్టేదాన్ని. ఇప్పుడు కొట్టుడు బంద్ వెట్టిన. తిట్లు మాత్రం నడుస్తున్నయ్, ఏం చెయ్యాలె, నా నోటికి నీరటాయన లేకపాయె.