నోరు చూపినవారికి ముందు వరుస: నర్సు నూకరత్నం గారికి అభినందన

1926వ సంవత్సరం జూలై ఒకటవ తేదీన రేకుపెట్టె చేత పట్టుకొని చోడవరం వైద్యశాల మెట్లెక్కిన శ్రీమతి నూకరత్నం గారు, ఈ సెప్టెంబరు ముప్పయ్యవ తేదీన హెడ్‌నర్సుగా పదవీ విరమణ చేస్తున్నారు. వారు ఆ మెట్లెక్కే నాటికి నేను పుట్టనే లేదు. అయినా ఈ అభినందన సంచికలో వారిని గూర్చి వ్రాసే భాగ్యం అందరికన్నా వెనుక వచ్చిన గుమాస్తానైన నాకు దక్కింది. పెళ్ళై అత్తవారింటికి కోడలిగా వచ్చిన ఈ ఏడు నెలలుగా నాకు ఎండ కూడా వెన్నెలలాగే కనిపిస్తున్నది కనుక, పొగడ్త కాస్త పొంగితే పెద్దలు మన్నించాలి.

తొలి రోజులలో వారు ప్రసూతి విభాగంలో పనిచేశారు. నేడు ఈ ఊళ్ళో సంసారాలు చేసుకుంటున్నవారిలో ఎందరినో మొదట ఎత్తుకున్న చేతులు వారివే. మీసాలు దువ్వుకుంటూ ఎదురుపడే మోతుబరిని సైతం నడిబజారులో "ఒరే, ఎదురుకాళ్ళతో పుట్టినోడా!" అని పలకరించే చనువు వారొక్కరికే ఉంది. తరువాత కలరా ప్రబలిన ఏడు, రావికమతం వైపు పల్లెలకు ఎద్దుబండి మీద వెళ్ళి, నూతులలో మందు కలిపించి, సూదిమందుకు భయపడి పారిపోయినవారిని చెరకు తోటలలో వెతికి మరీ పట్టుకొచ్చారని చెబుతారు. 1949లో హెడ్‌నర్సు అయ్యారు. హోదా పెరిగినా హాస్యం తగ్గలేదు. నేను పెళ్ళి సెలవు ముగించుకొని వచ్చిన ఉదయం నా బల్ల మీద కనకాంబరాల దండ పెట్టి, "ఈయేళ రిజిస్టర్లో తప్పులొచ్చినా డాక్టరుగారేటీ అనరు, రాసీ" అన్నారు. తప్పులు వచ్చాయి. డాక్టరుగారు నిజంగానే ఏమీ అనలేదు.

ఈ చివరి సంవత్సరాలలో వారి మనస్సంతా రాచపుండు రోగుల మీదనే ఉండేది. నిప్పు నోటిలోపలికి పెట్టుకొని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు మన ప్రాంతపు స్త్రీలలో ఎంత ఉన్నదో, దానివల్ల అంగిలికి కేన్సరు ఎంత తరచుగా వస్తున్నదో మనకు తెలియనిది కాదు. పట్నంలో వైద్యం ముగిసి ఇల్లు చేరినవారికి పుండు కడిగే దిక్కు ఉండదు. పని దిగిన తరువాత నూకరత్నం గారే ఆ ఇళ్ళకు వెళ్ళేవారు. తాము విరమించాక ఎవరు వెళ్తారన్నదే వారి బెంగ. ఒక యువతికి ఆ శుశ్రూషలో తర్ఫీదు ఇప్పించి ఇంటింటికీ పంపడానికి నిధి కూర్చాలని, గత మార్చిలో, గానుగల దగ్గర బెల్లం వంటలు ముగిసే రోజులలో, ఒక సాయంకాలం హైస్కూలు ఆవరణలో వినోద సభ జరిపాము. హరికథ, కోలాటం, బెల్లం దిమ్మల వేలంపాట ఏర్పాటయ్యాయి.

ఆహ్వాన సంఘం పని మన కాంపౌండరు సత్యారావు గారిది. మర్యాదకు లోటు రాకూడదని వారు ఆడవారి వైపు ఆకూ వక్కలతో పాటు చుట్టలు కూడా పళ్ళేలలో పేర్చి పంపించారు! డాక్టరుగారు చూసి నిర్ఘాంతపోయారు.

"కేన్సరు సభలో చుట్టలేమిటయ్యా?"

"పేరంటానికి పిలిసి సుట్ట ఎట్టకపోతే తిట్టిపోస్తారండి బాబూ!"

డాక్టరుగారు వెంటనే పళ్ళేలు తీయించబోయారు. మొదటి పళ్ళెం ముందు కూర్చున్నది మా అత్తగారు అచ్చియ్యమ్మ గారు. వారు లేచి నిలబడ్డారు. "ఎట్టింది లాక్కుంతారా? లేవండే, పోదాం!" అన్నారు. వరుసలు వరుసలుగా స్త్రీలు లేచారు. వారు అలిగి వెళ్ళిపోతే విరాళాల మాట అటుంచి, రేపు ఏ ఇంటి తలుపూ నర్సుకు తెరుచుకోదు.

నూకరత్నం గారు మాత్రం తాపీగా వచ్చి పళ్ళెం అందుకున్నారు.

"కూకో అచ్చియ్యమ్మొదినా. నీ సుట్టెవుడూ లాక్కోడు. ముందు నోరు సూపించు."

"నేనేటి, సంతలో ఎద్దునా, నోరు సూపించడానికి?"

"ఎద్దయితే పళ్ళు సూసి ఒగ్గేద్దును. సూడండే! నోరు సూపించినోళ్ళకి ముందు వరస. సూపించనోళ్ళకి ఎనకాల సాప."

పొరుగింటి అప్పలనరసమ్మ గారు వెంటనే నోరు తెరిచి ముందుకు నడిచారు. ఆమె వెనుక కూర్చోవడం కన్నా మా అత్తగారికి మరో అవమానం లేదు. "అది నాకన్నా ముందా?" అని తోసుకొని వచ్చి, తామే ముందు నోరు తెరిచారు. నూకరత్నం గారు టార్చి వేసి చూశారు. చాలాసేపు చూశారు.

"ఏటుందేటి?"

"తెల్లమచ్చుంది. రేపు ఆస్పత్రికి రా."

"బయమా?"

"ఇప్పుడొస్తే బయం నేదు. నేనున్నాను గదా."

మా అత్తగారు రొంటిని ఉన్న చుట్ట తీసి పళ్ళెంలో పడేసి, "ఈ సుట్ట నీకాడే ఉంచీ" అని ముందు వరుసలో కూర్చున్నారు. ఆమె వెనుక ఒక్కరొక్కరే నోళ్ళు తెరిచారు. హరికథ దాసుగారు చిడతలు పట్టుకొని ఎదురుచూస్తూ నిలబడిపోయారు. నాడు నిధి నిండింది. మగవారు వేలంలో పోటీపడి పాడినదానికన్నా ఆడవారు కొంగులు విప్పి ఇచ్చినదే ఎక్కువ.

మా అత్తగారి మచ్చను ముదరక ముందే పట్నంలో తీసేశారు. పుండు మానే వరకు రోజూ వచ్చి నోరు కడిగినది నూకరత్నం గారే. కొత్త కోడలినైన నాకు ఆ నెలలో అత్తవారింట దొరికిన ధైర్యం వారి అడుగుల చప్పుడే. ఇప్పుడు తర్ఫీదు ముగించుకొని వచ్చిన పైడితల్లి అక్టోబరు ఒకటి నుండి ఆ ఇళ్ళకు వెళ్తుంది. ఏ ఇంటిలోనూ ఒక్క రోజైనా శుశ్రూష ఆగదు.

ఇది వ్రాస్తుంటే మా అత్తగారు అడిగారు: "ఆఖర్ని ఏటి రాస్తన్నావమ్మీ?"

"ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని, అత్తా."

"అదందరికీ రాసీదే. దాని సూపు మందగించకూడదని రాయి. నెలనెలా నా నోరు సూడాల గదా!"

కనుక, నూకరత్నం గారు చల్లని చూపుతో, చక్కని ఆరోగ్యంతో నూరేళ్ళు మా మధ్యనే ఉండాలని, ఇకమీదట వారు తెరిపించి చూసే ప్రతి నోటిలోనూ వారికి చూడవలసినదేమీ కనిపించకూడదని, మా ఇంటి తరఫున, వైద్యశాల తరఫున మనసారా కోరుకుంటున్నాను.